నీరా నుండి బెల్లం దాకా: వృక్షరస సాంద్రీకరణలో తిరోగామి ద్రవాభిసరణం – ఉత్తర తెలంగాణ సందర్భం

వ్యాససంగ్రహం

ఉత్తర అమెరికాలో మేపుల్ చెట్టు రసాన్ని పొయ్యి మీద కాచి పాకంగా మార్చడానికి ముందు, అందులోని నీటిలో అధికభాగాన్ని తిరోగామి ద్రవాభిసరణ పద్ధతిలో తొలగించడం 1970ల నుండి ఆచరణలో ఉంది. ఉత్తర తెలంగాణలో తాటి, ఈత చెట్ల నుండి లభించే నీరాను బెల్లంగా మార్చే సందర్భానికి ఈ పద్ధతి ఎంతవరకు వర్తిస్తుందో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం. రెండు రసాల స్వభావ భేదం, గీతవృత్తిలో రససేకరణ విధానం, కాచడానికి అయ్యే ఇంధనం, పొర పనిచేసే తీరు, దాని హద్దులు, దానితో ముడిపడిన వృత్తి ప్రయోజనాలు ఇందులో చర్చకు వస్తాయి. చిక్కబరచడానికి సంబంధించిన తెలుగు మాటల పరిశీలన కూడా ఇందులో భాగం. మేపుల్ రసం విషయంలో ఇంధనమే ప్రధాన సమస్య కాగా, నీరా విషయంలో ఇంధనం కంటే ముందు కాలం సమస్య అవుతుందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: నీరా, కల్లు, గీతవృత్తి, తాటిబెల్లం, తిరోగామి ద్రవాభిసరణం, పాకపరిభాష, కరీంనగర్, ఆదిలాబాద్.

1. ఉపోద్ఘాతం

ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల పల్లెల్లో ‘ఆర్వో’ అనే మాట తెలియనివారు అరుదు. ఊరి నీటి ప్లాంటు దగ్గర ఇరవై లీటర్ల క్యాను నింపుకొని రావడం నిత్యకృత్యం. ఆ నీటిని కొందరు ‘ఆర్వో నీళ్ళు’ అని, ఎక్కువమంది ‘ఫిల్టర్ నీళ్ళు’ అని వ్యవహరిస్తారు. ఆ ప్లాంటులో రెండు ధారలు ఉంటాయి. లవణాలు తగ్గిన నీరు ఒక ధార. లవణాలు పేరుకొన్న నీరు రెండో ధార. మొదటిది క్యానులోకి, రెండోది మోరీలోకి పోతుంది.

అదే యంత్రంలోకి బోరు నీటికి బదులు చెట్టు రసాన్ని పంపితే ఈ రెండు ధారల విలువలు తారుమారవుతాయి. నీటి ప్లాంటులో పారబోసే ధారే ఇక్కడ పదార్థమవుతుంది. క్యానులోకి చేరవలసిన స్వచ్ఛజలం ఉపఫలంగా మిగులుతుంది. కెనడాలోని క్యుబెక్, అమెరికాలోని వెర్మాంట్ ప్రాంతాల మేపుల్ రైతులు ఐదు దశాబ్దాలుగా అనుసరిస్తున్న విధానానికి మూలం ఈ తారుమారే.

ఉత్తర తెలంగాణలో మేపుల్ లేదు. తాడు ఉంది, ఈత ఉంది. ఆ చెట్లెక్కి రసం దింపే గీతకార్మికులు ఉన్నారు. ఇక్కడ ఈ రసం ప్రధానంగా కల్లుగానే వినియోగమవుతుంది. దించిన పూట అమ్ముడుపోని కల్లు మరునాటికి పులిసి విలువ కోల్పోతుంది. బెల్లంగా మారిస్తే అదే రసం నెలల తరబడి నిలుస్తుంది. అయితే బెల్లం కాచడానికి కట్టెలు కావాలి, కట్టెలకు అడవి కావాలి. ఈ మూడింటి మధ్య ఉన్న చిక్కును విప్పడంలో ఒక పలుచని పొర ఎంతవరకు ఉపకరిస్తుందన్నదే ఇక్కడి ప్రశ్న.

2. రెండు చెట్లు, రెండు రసాలు

మేపుల్ రసమూ నీరా రెండూ ‘చెట్టు నీరే’ అయినా వాటి పుట్టుక వేరు. మొక్కలో నీటిని వేరు నుండి పైకి మోసే కణజాలం దారువు. ఆకులో తయారైన ఆహారాన్ని తక్కిన భాగాలకు చేరవేసేది పోషక కణజాలం. మేపుల్ (ఏసర్ సాఖారమ్) నుండి శీతకాలం చివర, రాత్రి గడ్డకట్టే చలి, పగలు కొద్దిపాటి వెచ్చదనం ఉన్న రోజుల్లో, మానుకు రంధ్రం చేసి తీసే రసం దారువుకు సంబంధించినది. అందువల్ల అది దాదాపు నీరే. చక్కెర సుమారు 2 శాతం మాత్రమే.

తాటి (బొరాసస్ ఫ్లాబెల్లిఫర్), ఈత (ఫీనిక్స్ సిల్వెస్ట్రిస్) చెట్ల రసం పోషక కణజాలం నుండి స్రవిస్తుంది. తాటిచెట్టులో పూగెలను కోసి రసం తీస్తారు. ఈతలో మొవ్వకు దిగువన కాండాన్ని చెక్కి తీస్తారు. ఈ రసంలో చక్కెర స్థూలంగా 10 నుండి 14 శాతం ఉంటుంది. అందులో అత్యధికభాగం సుక్రోజు. మేపుల్ రసం కంటే నీరా ఐదారు రెట్లు చిక్కనిదని దీని అర్థం.

మేపుల్ రైతులు ఒక సూత్రాన్ని వాడుతారు. 86ను రసంలోని చక్కెర శాతంతో భాగిస్తే, ఒక పాలు పాకానికి ఎన్ని పాళ్ళ రసం కావాలో తెలుస్తుంది. 2 శాతం రసమైతే 43 పాళ్ళు కావాలి. 43 పాళ్ళలో 42 పాళ్ళ నీటిని ఆవిరి చేయడానికి కావలసిన కట్టెలే వారిని ఈ యంత్రం వైపు నడిపించాయి. అంతకు పూర్వం ఆ ప్రాంతపు మూలవాసులు రాత్రి గడ్డకట్టిన రసం పైని మంచుపెళ్ళను తీసి పారవేసి, మిగిలిన చిక్కని రసాన్ని కాచుకొనేవారు. మంచుగా మారేది అధికంగా నీరే, చక్కెర ద్రవంలో మిగులుతుందన్న ఎరుక ఆ పద్ధతిలో ఉంది. చలిచేత, నిప్పుచేత, ఎండచేత, ఒత్తిడిచేత, ఎలాగైనా నీటిని వేరుచేయడమే సాంద్రీకరణ. ఆదిలాబాద్ అడవుల్లో గోండులు, కోలాములు ఇప్పపువ్వును ఏరి ఎండబెట్టి నిలవచేసుకోవడం ఎండచేత జరిగే సాంద్రీకరణమే.

3. గీతవృత్తి: రసం నుండి కల్లు దాకా ఉన్న వ్యవధి

‘కల్లు’ ద్రావిడ భాషల్లో సజాతీయాలున్న ప్రాచీన పదం. తమిళంలో ‘కళ్’, కన్నడంలో ‘కళ్ళు’ దానికి సోదర రూపాలు. పులియని తీపిరసానికి వాడే ‘నీరా’ అనే మాట తెలుగులోకి తరువాతి కాలంలో వచ్చి చేరింది. మద్యనిషేధ ప్రచారం, గ్రామపరిశ్రమల ఉద్యమం దీనికి వ్యాప్తి కల్పించాయి. 1934లో ఏర్పడిన అఖిల భారత గ్రామపరిశ్రమల సంఘం తాటిబెల్లాన్ని ప్రోత్సహించింది. కల్లు మానిన గీతకార్మికునికి బెల్లం బతుకుదెరువు కావాలన్నది గాంధీజీ ఆలోచన. గజానన్ నాయక్ వంటివారు ఆ పనికే అంకితమయ్యారు.

అయితే నీరాకు, కల్లుకు మధ్య ఉన్న భేదం పదార్థంలో కంటే కాలంలో ఎక్కువగా ఉంది. గెల నుండి చుక్కగా రాలే వేళ రసం తీపిగా ఉంటుంది. లొట్టిలో పడిన క్షణం నుండే దానిలో సూక్ష్మజీవుల పని మొదలవుతుంది. ఈస్టు చక్కెరను సారాయంగా మారుస్తుంది. లాక్టిక్, ఎసిటిక్ ఆమ్లాలను ఉత్పత్తిచేసే బ్యాక్టీరియా పులుపును కలిగిస్తాయి. పాతలొట్టి అడుగున మిగిలిన మడ్డి ఈ పనిని మరింత వేగిరపరుస్తుంది. ఉదయం దించిన తీపికల్లు సాయంత్రానికి మరో పానీయమవుతుంది. గీతకార్మికుడు మోకు, ముస్తాదు, గుజి సహాయంతో పొద్దున ఒకసారి, మాపున ఒకసారి చెట్టెక్కి గెలను కొద్దికొద్దిగా గీయడం, లొట్టి మార్చడం ఈ కాలగతిని అనుసరించినవే.

పులియకుండా ఆపడానికి సంప్రదాయం కనుగొన్న ఉపాయం సున్నం. లొట్టి లోపలి భాగానికి సున్నం పూస్తే రసం క్షారగుణం పొందుతుంది. ఆ స్థితిలో ఈస్టు, బ్యాక్టీరియా ఎదుగుదల మందగిస్తుంది. సుక్రోజు గ్లూకోజు, ఫ్రక్టోజులుగా విడిపోకుండా కూడా ఉంటుంది. సుక్రోజు విడిపోయిన రసం ఎంత కాచినా గట్టిపడని, జిగటైన బెల్లాన్నే ఇస్తుంది. కనుక సున్నం నిలవకు మాత్రమే పరిమితం కాదు, బెల్లపు గట్టిదనానికీ మూలం. కాసరగోడులోని కేంద్ర తోటపంటల పరిశోధన సంస్థ కొబ్బరి నీరా కోసం వేరొక మార్గం రూపొందించింది. గెల దగ్గరే మంచుపెట్టెను అమర్చి, సున్నం లేకుండా చల్లదనంతో రసాన్ని సేకరించడం ఆ పద్ధతి. ‘కల్పరస’ అనే పేరుతో అది ప్రచారంలోకి వచ్చింది.

4. కాచడం: తెలుగు పాకపరిభాష, కట్టెల భారం

ద్రవాన్ని చిక్కబరచడాన్ని తెలిపే తెలుగు క్రియలను పరిశీలిస్తే ఒక విశేషం కనిపిస్తుంది. కాచు, కాగబెట్టు, మరిగించు, ఇగిర్చు, సుండించు అన్నవన్నీ పొయ్యితో ముడిపడినవే. ‘ఇగురు’ అనే క్రియ నీరు తగ్గిపోవడాన్ని చెబుతుంది. అదే మాట నామవాచకమై, నీరు ఇగిరిన కూరకు పేరైంది. నిప్పు ప్రస్తావన లేకుండా చిక్కదనాన్ని చెప్పే మాట ‘చిక్కబరచు’ ఒక్కటే ప్రధానంగా కనిపిస్తుంది. తెలుగువారి అనుభవంలో చిక్కబరచడమంటే దాదాపుగా కాచడమే అనడానికి ఈ పదజాలం సాక్ష్యం.

చిక్కదనం కొలిచే పరిభాష కూడా వంటింట్లో సిద్ధంగా ఉంది. లేతపాకం, తీగపాకం, ముదురుపాకం, ఉండపాకం అన్న మెట్లు వరుసగా నీటి శాతం తగ్గడాన్ని సూచిస్తాయి. చక్కెర పాలు పెరిగేకొద్దీ ద్రవం మరిగే ఉష్ణోగ్రత పెరుగుతుంది. మేపుల్ పాకం సుమారు 66 శాతం చక్కెరతో, నీరు మరిగే స్థానం కంటే దాదాపు 4 డిగ్రీల సెల్సియస్ పైన పూర్తవుతుంది. అది మన లేతపాకానికి దగ్గర. తీగపాకం సుమారు 110 డిగ్రీల దగ్గర వస్తుంది. బెల్లం 115 నుండి 120 డిగ్రీల దగ్గర దించవలసిన ఉండపాకం. గిన్నెడు చన్నీళ్ళలో ఒక చుక్క వేసి వేళ్ళతో ఉండ చుట్టి చూసే గృహిణి, ఉష్ణమాపకం చెప్పే విషయాన్నే మరో విధంగా తెలుసుకుంటున్నది.

ఇప్పుడు కట్టెల లెక్క చూడవచ్చు. కిందివి ప్రయోగశాలలో కొలిచిన అంకెలు కావు, భౌతికశాస్త్ర నియమాల ఆధారంగా వేసిన అంచనాలు. 12 శాతం చక్కెర ఉన్న 100 కిలోల నీరా నుండి సుమారు 13 కిలోల బెల్లం రావాలి. అంటే 87 కిలోల నీరు ఆవిరి కావాలి. మరిగే స్థితికి చేరిన కిలో నీటిని ఆవిరి చేయడానికి సుమారు 2.26 మెగాజౌళ్ళ వేడి అవసరం. రసాన్ని 30 డిగ్రీల నుండి మరిగే దాకా వేడిచేయడానికి అయ్యేది కూడా కలిపితే మొత్తం 225 మెగాజౌళ్ళు. ఎండుకట్టె కిలోకు 15 మెగాజౌళ్ళ వేడి ఇస్తుందని, అందులో ఐదోవంతు మాత్రమే గిన్నెకు అందుతుందని అనుకొంటే, ఆ బెల్లానికి సుమారు 75 కిలోల కట్టెలు కావాలి. కిలో బెల్లానికి ఆరు కిలోలకు పాటు కట్టె.

పెద్ద చక్కెర కర్మాగారాలు ఈ భారాన్ని వేరొక విధంగా దాటాయి. నార్బర్ట్ రిలియూ 1840లలో అమెరికాలో రూపొందించిన బహుళదశ బాష్పీకరణ పద్ధతిలో, ఒక పాత్రలో పుట్టిన ఆవిరే తక్కువ పీడనంలో ఉన్న తరువాతి పాత్రను మరిగిస్తుంది. 1937లో బోధన్‌లో స్థాపితమైన నిజాం చక్కెర కర్మాగారం, దాని శాఖగా మెట్‌పల్లి సమీపంలోని ముత్యంపేటలో పనిచేసిన కర్మాగారం ఈ తరహా పరిశ్రమకు చెందినవే. బెల్లం కాచే బానకు అటువంటి వసతి లేదు. దాని ఆవిరి గాలిలో కలిసిపోతుంది. చిన్న ఉత్పత్తిదారునికి అందుబాటులో ఉండే ఇంధన పొదుపు మార్గంగా పొర పద్ధతికి ప్రాధాన్యం ఏర్పడేది ఇక్కడే.

5. తిరోగామి ద్రవాభిసరణం పనిచేసే తీరు

ఎండుద్రాక్షను నీటిలో వేస్తే ఉబ్బుతుంది. మామిడి ముక్కలకు ఉప్పు పట్టిస్తే ఊట ఊరుతుంది. రెండూ ద్రవాభిసరణమే. నీటిని పోనిచ్చి, కరిగిన పదార్థాన్ని అడ్డగించే పొర మధ్యలో ఉన్నప్పుడు, పలుచని వైపు నుండి చిక్కని వైపుకు నీరు ప్రవహిస్తుంది. 1748లో ఫ్రాన్సులో జాఁ ఆంత్వాన్ నొలే పంది మూత్రాశయపు పొరతో ఈ విషయాన్ని గమనించాడు. చిక్కని వైపు తగినంత ఒత్తిడి పెడితే ఆ ప్రవాహం ఆగుతుంది. అంతకు మించిన ఒత్తిడి పెడితే నీరు వెనుదిరిగి, చిక్కని వైపు నుండి పలుచని వైపుకు పోతుంది. ఈ వెనుదిరగడమే ‘తిరోగామి’ అన్న విశేషణానికి అర్థం.

సిద్ధాంతం సులువైనదే అయినా, తగినంత వేగంగా నీటిని పోనిచ్చే పొర చాలాకాలం లభించలేదు. 1959-60 ప్రాంతంలో లాస్ ఏంజెలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో సిడ్నీ లోబ్, భారతదేశంలో జన్మించిన శ్రీనివాస సౌరిరాజన్ కలిసి సెల్యులోజు ఎసిటేటుతో చేసిన పొర ఆ లోటు తీర్చింది. 1965లో కాలిఫోర్నియాలోని కోలింగాలో తొలి నీటి కేంద్రం ఏర్పడింది. మన దేశంలో భావనగర్‌లోని కేంద్ర లవణ, సముద్ర రసాయన పరిశోధన సంస్థ ఈ పొరల తయారీపై కృషి చేసింది.

‘ఫిల్టర్ నీళ్ళు’ అన్న వాడుక ఈ ప్రక్రియను వడపోతగా స్ఫురింపజేస్తుంది. వడపోత కరగని నలుసులను పడుతుంది. నీటిలో కరిగిన చక్కెర ఎంత సన్నని గుడ్డలోనైనా నీటితో పాటే జారిపోతుంది. తిరోగామి ద్రవాభిసరణ పొర మాత్రం నీటి అణువును పోనిచ్చి, దానికంటే ఎంతో పెద్దదైన సుక్రోజు అణువును దాదాపు పూర్తిగా ఆపుతుంది. ఫలితంలో దీనికి సాటిరాగల వంటింటి పని శ్రీఖండ్ కోసం పెరుగును గుడ్డలో మూటగట్టి వేలాడదీయడం. మహారాష్ట్రతో సరిహద్దు పంచుకొనే ఆదిలాబాద్‌కు ఆ వంటకం పరిచితమే. అక్కడ కారిపోయిన నీటి కంటే మూటలో మిగిలిన గడ్డపెరుగే కావలసినది. నీరా విషయంలోనూ పొర వెనుక మిగిలిన రసమే కావలసినది.

పెట్టవలసిన ఒత్తిడి చక్కెర శాతంతో పెరుగుతుంది. 2 శాతం చక్కెర ద్రవానికి ద్రవాభిసరణ పీడనం 1.5 బార్లు. 12 శాతానికి సుమారు 10, 24 శాతానికి సుమారు 24 బార్లు. 33 శాతానికి చేరేసరికి 35 బార్లను దాటుతుంది. సముద్రజలపు పీడనం సుమారు 27 బార్లు. ఈ అంకెల నుండి రెండు విషయాలు తేలుతాయి. ఒకటి, పొరతో బెల్లం తయారు కాదు. పాకం దాకా పోవడానికి కావలసిన ఒత్తిడి ఏ పొరా తట్టుకోలేనిది. కొంతదూరం పొర, మిగిలిన దూరం నిప్పు నడిపించవలసినదే. రెండు, ఊరి నీటి ప్లాంటునే రాత్రిపూట నీరాకు వాడుకోవచ్చునన్న ఆలోచన నిలవదు. సాధారణంగా 10, 15 బార్ల ఒత్తిడితో నడిచే ఆ మోటారు 24 శాతం చిక్కదనాన్ని సాధించలేదు. పైగా చక్కెర తగిలిన గొట్టాల్లో మరునాడు తాగునీటిని పంపడం ఆరోగ్యానికి హాని.

6. పొదుపు ఎంత?

100 కిలోల నీరాను 12 నుండి 24 శాతానికి చిక్కబరిస్తే 50 కిలోల నీరు పొర గుండా వెళ్ళిపోతుంది. బానలోకి చేరేది 50 కిలోల రసం. ఆవిరి కావలసినది 37 కిలోలు మాత్రమే. పైన అనుసరించిన లెక్కనే ఇక్కడా వర్తింపజేస్తే కావలసిన వేడి 97 మెగాజౌళ్ళు, కట్టెలు సుమారు 32 కిలోలు. అంటే 43 కిలోల కట్టెలు మిగిలినట్లు. దానికి ప్రతిగా 100 లీటర్ల రసాన్ని 35 బార్ల ఒత్తిడితో నెట్టడానికి సిద్ధాంతరీత్యా 0.35 మెగాజౌళ్ళు, అంటే యూనిట్టులో పదోవంతు విద్యుత్తు చాలు. మోటారు నష్టాలు, రసాన్ని తిప్పితిప్పి పంపడం వల్ల దానికి ఐదు రెట్లు ఖర్చయినా అర యూనిట్టుకు మించదు.

మేపుల్‌తో పోలిక ఇక్కడ అవసరం. 2 శాతం మేపుల్ రసాన్ని 8 శాతానికి చిక్కబరిస్తే నీటిలో నాలుగింట మూడు వంతులు తొలగుతుంది. 97 కిలోలు ఆవిరి కావలసిన చోట 22 కిలోలు చాలు. నీరా విషయంలో 87 కిలోలు 37కు తగ్గుతున్నాయి. మొదటే చిక్కగా ఉన్న రసం కనుక పొర చేయగల మేలు ఆ మేరకు తక్కువ. కట్టెలను సగానికి పైగా తగ్గించే సాధనమే అయినా, మేపుల్ రంగంలో దానికి వచ్చిన కీర్తిని యథాతథంగా నీరాకు ఆపాదించడం సరికాదు. అయినప్పటికీ 2012లో పులుల అభయారణ్యంగా ప్రకటితమైన కవ్వాల్ వంటి అడవుల చెంత, కట్టె సేకరణపై ఆంక్షలున్న పల్లెల్లో, సగం కట్టె మిగలడం చిన్న విషయం కాదు.

7. అడ్డంకులు

మొదటి అడ్డంకి వేడిమి. మేపుల్ రసం మంచుకాలంలో వస్తుంది. యంత్రంలోకి చేరేటప్పుడే అది చల్లగా ఉంటుంది. తాటినీరా దండిగా దొరికేది వేసవిలో. కరీంనగర్ ప్రాంతంలో ఏప్రిల్, మే నెలల్లో పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీలను మించుతుంది. రసాన్ని పోగుచేసి, కేంద్రానికి తెచ్చి, గంటల తరబడి ఒత్తిడితో తిప్పేలోగా అది పులిసిపోయే ప్రమాదం ఉంది. పొర నీటిని తీసేటప్పుడు ఈస్టును వెనుక వైపే ఉంచుతుంది. మోటారు రాపిడి రసాన్ని ఇంకా వెచ్చబరుస్తుంది. చక్కెర నష్టమైతే మిగిలిన కట్టెలకు విలువ లేదు. కనుక నీరాకు చల్లబరచే ఏర్పాటు ముందు కావాలి, పొర తరువాత రావాలి.

రెండో అడ్డంకి సున్నం. పులియకుండా కాపాడే సున్నమే పొరకు శత్రువు. రసం చిక్కబడేకొద్దీ అందులోని కాల్షియం లవణాలు పొర మీద పెచ్చుగా పేరుకొని దారి మూసివేస్తాయి. సంప్రదాయ తాటిబెల్లం తయారీలో రసానికి సూపర్‌ఫాస్ఫేటు కలిపి సున్నాన్ని అడుగున మడ్డిగా దింపే పద్ధతి ఉంది. పొర వాడాలంటే ఆ పనిని మరింత శ్రద్ధగా చేసి, ఆపై సన్నగా వడగట్టాలి. లేదా సున్నం లేకుండా చల్లదనంతో సేకరించిన రసాన్నే వాడాలి. రెండో మార్గమే పొరకు అనుకూలం.

మూడోది శుభ్రత. చక్కెర తగిలిన పొర మీద సూక్ష్మజీవులు జిగురుపొరలా అల్లుకొంటాయి. ప్రతిరోజూ కడగవలసిందే. మేపుల్ రైతులు ఇందుకు పొర దాటివచ్చిన స్వచ్ఛజలాన్నే దాచుకొని వాడుతారు. నీరా నుండి వచ్చే 50 కిలోల నీటికీ తొలి వినియోగం అదే కావాలి.

నాలుగోది రుచి. తాటిబెల్లానికి ఉన్న నల్లని ఛాయ, పొగరైన వాసన దీర్ఘకాలం మరగడం వల్ల కలిగినవి. చక్కెరలు, అమైనో ఆమ్లాలు వేడిలో కలిసి ఆ రంగును, సువాసనను కలిగిస్తాయి. మరిగే కాలం తగ్గితే బెల్లం లేతరంగులో వస్తుంది, వాసన తగ్గుతుంది. కొన్ని బజార్లలో అది గుణం, మరికొన్నిటిలో లోపం.

ఈ అడ్డంకులన్నిటినీ కలిపి చూసినప్పుడు ఒక సంధి కనిపిస్తుంది. ఈతచెట్టుకు శీతకాలం అనువైనది. బెంగాల్‌లో ప్రసిద్ధమైన కొత్తబెల్లం ‘నొలెన్ గుడ్’ చలికాలపు ఈతరసం నుండే తయారవుతుంది. తెలంగాణలో అతిశీతల ప్రాంతం ఉమ్మడి ఆదిలాబాద్. అక్కడి పల్లెల్లో డిసెంబరు, జనవరి రాత్రుల ఉష్ణోగ్రత పది డిగ్రీల కిందికి దిగుతుంది. మంచుపెట్టె చేయవలసిన పనిలో కొంత భాగాన్ని ప్రకృతే చేస్తుంది. పొర పద్ధతిని ఉత్తర తెలంగాణలో ప్రయోగించదలిస్తే వేసవి తాటినీరాతో కాక, ఆదిలాబాద్ శీతకాలపు ఈతనీరాతో ప్రారంభించడం సమంజసం.

8. యంత్రం ఎవరి చేతిలో?

‘తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారు’ అన్న సామెత ఈ వృత్తి ఉత్పత్తులను సమాజం చూసే చూపును పట్టిస్తుంది. తియ్యని నీరా ఆ అపవాదు నుండి విడివడటానికి ఇటీవలి కాలంలో ప్రయత్నాలు జరిగాయి. 2023లో హైదరాబాద్ నెక్లెస్ రోడ్డులో ప్రారంభమైన నీరా కేఫ్ వాటిలో ఒకటి. 2024లో తెలంగాణ ప్రభుత్వం చెట్టు మీది నుండి జారిపడకుండా కాపాడే ‘కాటమయ్య రక్ష’ కిట్ల పంపిణీ ప్రారంభించింది. గౌడుల కులదైవమైన కాటమయ్య పేరు వాటికి పెట్టడం గమనార్హం. చెట్టెక్కడంలో ఉన్న ప్రాణభయాన్ని తగ్గించే ప్రయత్నంగా దీనిని చూడాలి. లొట్టెడు రసం వెల కట్టేటప్పుడు ఆ భయమూ లెక్కలోకి రావాలి.

పొర యంత్రం ఒక్క గీతకార్మికుడు దించే రసంతో నడిచేది కాదు. పలువురి రసం రెండు మూడు గంటల్లో ఒకచోట చేరాలి. బెల్లం కాచడం ఇంటి పొయ్యి నుండి కేంద్రానికి మారుతుంది. తెలంగాణలో గీతవృత్తికి రెండు వ్యవస్థలు ఉన్నాయి. వ్యక్తికి చెట్లు కేటాయించే టీఎఫ్‌టీ ఒకటి, గీత పారిశ్రామిక సహకార సంఘం ద్వారా నడిచే టీసీఎస్ రెండోది. యంత్రాన్ని సంఘమే సమకూర్చుకొంటే చెట్టెక్కినవారికి బెల్లపు విలువలో వాటా ఉంటుంది. బయటి వ్యాపారి సమకూర్చుకొంటే గీతకార్మికుడు ముడిసరుకు అందించేవాడుగా మిగులుతాడు. పూటపూటకూ పులిసే సరుకు చేతిలో ఉన్నవానికి బేరమాడే వ్యవధి ఉండదు. చెరకు రైతుకు ఈ అనుభవం ఉన్నదే. 2015లో ముత్యంపేట కర్మాగారం మూతపడినప్పుడు పరిసర గ్రామాల చెరకు రైతులకు దగ్గరి ఆధారం తొలగింది. కోసిన చెరకు కొద్దిరోజులైనా ఆగుతుంది, నీరా పూట కూడా ఆగదు. కాబట్టి యంత్రం ఆగినరోజు రసం వృథా కాకుండా కల్లుగా అమ్ముకొనే వీలును, ఇంటి పొయ్యి మీద కాచుకొనే నేర్పును వదులుకోకపోవడమే వివేకం.

9. ముగింపు

- మేపుల్ రసం దారువు నుండి, నీరా పోషక కణజాలం నుండి వస్తాయి. చక్కెర శాతంలోని భేదం వల్ల పొర పద్ధతి ద్వారా కలిగే పొదుపు మేపుల్ విషయంలో ఎక్కువ, నీరా విషయంలో తక్కువ. అయినా 12 నుండి 24 శాతానికి చిక్కబరిస్తే కట్టెల అవసరం సగానికి పైగా తగ్గుతుంది.
- పొర కాచడానికి ప్రత్యామ్నాయం కాదు, దానికి పూర్వాంగం. పాకం, రంగు, వాసన నిప్పు మీదనే సిద్ధిస్తాయి.
- నీరాకు తొలిశత్రువు కాలం. చల్లదనంతో, సున్నం లేకుండా సేకరించే ఏర్పాటు లేనిచోట పొర యంత్రం నిరుపయోగం.
- ఉత్తర తెలంగాణలో ఈ ప్రయోగానికి ఆదిలాబాద్ శీతకాలపు ఈతనీరా అనువైన ఆరంభం.
- చిక్కబరచడాన్ని సూచించే తెలుగు క్రియలు నిప్పుతో ముడిపడి ఉన్నాయి. నిప్పు లేని సాంద్రీకరణకు ‘చిక్కబరచు’ తగిన మాట. ‘వడపోత’ అన్న వ్యవహారం ప్రక్రియను తప్పుగా స్ఫురింపజేస్తుంది.
- యంత్రం గీతకార్మికుల సంఘం చేతిలో ఉన్నప్పుడే మిగిలిన కట్టెల విలువ చెట్టెక్కినవానికి చేరుతుంది.

గీతవృత్తి పదజాలంపై జరిగే భాషా పరిశోధనలు పనిముట్ల పేర్ల సేకరణకే పరిమితం కాకుండా, రసం ఏ గడియకు ఏ పేరు పొందుతుందో, ఏ స్థితిలో ఏ మాట మారుతుందో నమోదు చేయగలిగితే, అవి ఇటువంటి సాంకేతిక ప్రయత్నాలకు ఆధారమవుతాయి. రసం ఎంతసేపు నీరాగా ఉంటుందో, ఎప్పుడు కల్లవుతుందో నాలుకతో నిర్ణయించగలిగిన వారి జ్ఞానం ఆ మాటల్లోనే నిక్షిప్తమై ఉంది.